కుంకుడుకాయతో ఇంటి బట్టలన్నీ ఉతకొచ్చా? సర్ఫు పూర్తిగా మానేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాచుపల్లిలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళు, ముందు తలుపున్న మెషీను. ఏడేళ్ళ పాపకి మోచేతి మడతల్లో, మెడ దగ్గర దురద. చర్మం డాక్టరుగారు డిటర్జెంటు మార్చి చూడమన్నారు. కుంకుడుకాయలతో ఇంట్లో బట్టలన్నీ ఉతుక్కోవచ్చా, ఆ రసం మెషీనులో పోయొచ్చా, సర్ఫు పూర్తిగా మానేయొచ్చా అని అడిగారు. చివర్లో, మీ అత్తగారిచ్చిన పాత ధర్మవరం పట్టుచీర ఇంట్లోనే ఉతకొచ్చా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పాప బట్టలు, రంగు బట్టలు, పట్టు, ఉన్ని అయితే కుంకుడుకాయతో హాయిగా ఉతుక్కోవచ్చు. తెల్ల బట్టలు, వంటింటి గుడ్డలు, జిడ్డు పట్టిన కాలర్లు, స్కూలు సాక్సులు మాత్రం కుంకుడుకాయ ఒక్కదానితో కుదరవు. సర్ఫు వాడకం మూడొంతుల్లో రెండొంతులు తగ్గించుకోవచ్చు. మా ఇంట్లో జరిగింది అంతే, పూర్తిగా మానడం మా వల్ల కాలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది రాజమండ్రి. తాతది గోదావరి రేవు, నాన్నది ఇస్త్రీ బండి, నాది చిన్న లాండ్రీ కొట్టు. కొట్టు పెట్టి ఇరవై ఎనిమిదేళ్ళయింది. పట్టుచీరలకి ఇప్పటికీ మా దగ్గర కుంకుడు రసమే. తెల్ల పంచెలకి మాత్రం మా తాత వాడలేదు, నాన్న వాడలేదు, నేనూ వాడలేదు. మీరు అడిగినదానికి అసలు సమాధానం ఇందులోనే ఉంది.

ఈమధ్య ఎవరిని కదిలించినా "మన అమ్మమ్మలు అన్నీ కుంకుడుకాయలతోనే ఉతికేవారు" అంటున్నారు. అది సగం నిజం. తలంటుకి కుంకుడుకాయ, పట్టుకి కుంకుడుకాయ, శాలువాకి కుంకుడుకాయ. నూలు బట్టలు మాత్రం రేవుకే వెళ్ళేవి. రేవులో పనిచేసింది చౌడు. ఎండాకాలంలో చౌడు నేలల మీద తెల్లగా పూత పూస్తుంది చూశారా, ఆ మట్టి. అందులో ఉండేది చాలావరకు సోడానే, ఇప్పుడు కొట్లో చాకలి సోడా అని అమ్మేదే. మాసిన బట్టలు చౌడు నీళ్ళలో ముంచి, పొయ్యి మీద బానలో నీళ్ళు పోసి, దాని మీద బట్టలు చుట్టూ పేర్చి రాత్రంతా ఆవిరి పట్టించేవారు. దాన్నే ఉబ్బ వేయడం అంటారు. తెల్లారి బండకేసి ఉతికి, గోదావరి ఇసుక మీద పరిచేవారు. తాత పంచెల తెలుపుకి కారణం సోడా, ఆవిరి, బండ, ఎండ. అందులో ఒక్కటీ మొక్క నుంచి వచ్చింది కాదు. పైగా ఆ పద్ధతిలో బట్ట త్వరగా చిరిగేది కూడా. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో కలిపి మొదలుపెట్టిన నిర్మాలాంటి చౌక పొడులు ఊరూరా వచ్చాక, చౌడు తవ్వుకొచ్చే పని దానంతటదే పోయింది. మా నాన్న దానికి ఎప్పుడూ బాధపడలేదు. చౌడు నీళ్ళలో చేతులు పగిలే బాధ ఆయనకి తెలుసు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కుంకుడు రసంలో తెల్ల చొక్కా వేసి, అది మెరవకపోతే "ఇదంతా ఉత్తి మాటే" అని పారేసేవాళ్ళని చాలామందిని చూశాను. దాని పని కాని పని దానికి చెప్పారు, అంతే.

కుంకుడుకాయ ఎలా పనిచేస్తుంది?

కాయ పైనున్న పెచ్చులో సపోనిన్లు అనే పదార్థం ఉంటుంది. ఎండిన పెచ్చు బరువులో సుమారు పదో వంతు. సపోనిన్‌కి ఒక కొస నీళ్ళని పట్టుకుంటుంది, ఇంకో కొస జిడ్డుని పట్టుకుంటుంది. సబ్బు చేసే పనీ ఇదే. తేడా రెండు చోట్ల ఉంది.

మొదటిది మీకు లాభం. మామూలు సబ్బు బోరు నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. బకెట్టు అంచున పేరుకునే ఆ జిగురు అదే. కుంకుడు రసం అలా విరగదు. ఉప్పునీటి బోర్ల ఊళ్ళలో సబ్బుతో స్నానం చేస్తే ఒళ్ళు జిగటగా ఉండి, కుంకుడుకాయతో తలంటుకుంటే మాత్రం నురగ బాగానే రావడం మీరూ గమనించే ఉంటారు.

రెండోది పరిమితి. బజారు పొడి నీళ్ళలో కలిపితే ఘాటైన క్షారం అవుతుంది, అందులో సోడా ఉంటుంది కాబట్టి. ఆ క్షారం నూలు పోగుని ఉబ్బించి లోపలి జిడ్డుని బయటికి లాగుతుంది. కుంకుడు రసం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది. అందుకే అది పట్టుకి, ఉన్నికి మంచిది. పట్టు, ఉన్ని అంటే జంతువు నుంచి వచ్చిన మాంసకృత్తులు, మన జుట్టులాంటివి. క్షారం వాటిని తినేస్తుంది. కొన్ని పొడుల్లో మాంసకృత్తుల మరకల్ని కొరికే ఎంజైములు కూడా ఉంటాయి, అవి రక్తపు మరకనీ పట్టుపోగునీ ఒకేలా చూస్తాయి. జుట్టుకి పనికొచ్చింది పట్టుకి పనికొస్తుందనే లెక్క మన పెద్దవాళ్ళకి ఏ చదువూ లేకుండానే తెలిసింది.

మెషీను లెక్క

గుడ్డ సంచిలో ఐదారు కాయలు వేసి మెషీనులో పడేస్తే చాలు అని వీడియోల్లో చూపిస్తారు. చల్లనీళ్ళలో అది దాదాపు ఉత్త నీళ్ళతో ఉతికినట్టే. ఎందుకో లెక్క చూడండి. వంద గ్రాముల పెచ్చులో మహా అయితే పది గ్రాముల సపోనిన్. దాన్ని లీటరు నీళ్ళలో మరిగిస్తే, వంద మిల్లీలీటర్ల రసంలో ఒక్క గ్రాము కూడా పూర్తిగా రాదు. బజారు పొడి ఒక కొలత వేస్తే, అందులో మురికి వదిలించే సరుకే దానికి చాలా రెట్లు ఉంటుంది, సోడా అదనం. కాబట్టి రసం ఎక్కువ పోయాలి, నానడానికి టైమివ్వాలి. రెంటిలో ఏది తగ్గినా బట్ట మురికిగానే వస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. గింజ తీసిన పెచ్చు వంద గ్రాములు తీసుకోండి. గింజతో ఉన్న కాయలైతే సుమారు నూట ఎనభై గ్రాములు తూచి కొట్టుకోండి. లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టండి. పొద్దున అదే నీళ్ళతో సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు కాచండి. గిన్నె పెద్దది పెట్టండి, లేకపోతే పాలకంటే ముందు పొంగి స్టవ్వంతా జిగురవుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసికి, పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. పిప్పిలో అర లీటరు నీళ్ళు పోసి ఇంకోసారి పిసికితే పలచటి రసం వస్తుంది, అది గచ్చు కడగడానికో ఇత్తడి సామాన్లు తోమడానికో పనికొస్తుంది.

ఈ రసం బయట రెండు రోజులుంటే పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో వారం. అంతకంటే ఎక్కువ కావాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డలు కట్టించి పెట్టుకోండి. పుల్లటి వాసన వచ్చి నురగ తగ్గిందంటే పారేయడమే.

మెషీనులో నాలుగు కిలోల బట్టలకి పావు లీటరు రసం పోయండి. నీళ్ళు నలభై డిగ్రీల మీద పెట్టండి. డ్రమ్ము పదినిమిషాలు తిరిగాక ఆపి, అరగంట నాననిచ్చి మళ్ళీ నడపండి. నురగ తక్కువగా కనిపిస్తుంది, కంగారు పడకండి. మీ మెషీనుకి నురగ తక్కువైతేనే మంచిది. కాలరు, చంకలు, చేతుల అంచులకి మాత్రం ముందుగా చిక్కటి రసం రాసి, బ్రష్షుతో రుద్ది అప్పుడు వేయండి.

వడకట్టకుండా మాత్రం పోయొద్దు. ఒకసారి మా కొట్లో కుర్రాడు తొందరలో పెచ్చుల సంచి మూతి సరిగ్గా కట్టకుండా మెషీనులో వేశాడు. పెచ్చు ముక్కలన్నీ నీళ్ళు పోయే ఫిల్టర్లో ఇరుక్కుని మెషీను మధ్యలో ఆగిపోయింది. మెకానిక్ వచ్చి తీసిన ముద్ద చూసి "ఇదేంటన్నా, చింతపండా?" అన్నాడు.

ఏ బట్టకి ఏది

రోజువారీ రంగు నూలు బట్టలు, చుడీదార్లు, నైటీలు, పాప గౌన్లు కుంకుడు రసంలో బాగుంటాయి. రంగు ఎక్కువకాలం నిలబడుతుంది కూడా. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు కట్టేవాళ్ళయితే ఆ తేడా ఏడాదిలోపే కంటికి తెలుస్తుంది.

పాలరంగు, గంధం రంగు బట్టలతో జాగ్రత్త. నాకు తగిలిన దెబ్బ చెప్తాను. కొట్టు పెట్టిన కొత్తలో ఒకావిడ పాలరంగు వెంకటగిరి చీర ఇచ్చారు. చిక్కటి రసం నీళ్ళలో కలపకుండా నేరుగా మరక మీద పోసి, ఇంకో పనిలో పడి మర్చిపోయాను. మరక పోయింది, దాని చోట అరచేతంత పసుపు మచ్చ మిగిలింది. కుంకుడు రసానికి సొంత రంగుంది, అది లేత బట్టని పట్టుకుంటుంది. చీర ఖరీదు నేనే కట్టాను. అప్పట్నుంచి లేత రంగులకి రసాన్ని ముందు బకెట్టు నీళ్ళలో కలిపి, చెయ్యి పెట్టి కలియబెట్టాకే బట్ట వేస్తాను, పది నిమిషాలకి మించి ఉంచను.

వంటింటి గుడ్డలు, నూనె మరకల బనీన్లు, మోటారు సైకిలు గ్రీజు పట్టిన ప్యాంట్లకి సోడా కావాలి, వేణ్ణీళ్ళు కావాలి. చాకలి సోడా మొక్క నుంచి వచ్చేది కాదు గాని, అందులో పరిమళమూ రంగూ ఉండవు. గుప్పెడు సోడా వేణ్ణీళ్ళలో వేసి గంట నానబెట్టి ఉతికితే సర్ఫు అవసరం సగం పడదు. చేతికి గ్లౌజు వేసుకోండి. పట్టు, ఉన్ని దాని దగ్గరికి కూడా రానీయకండి.

పొయ్యి బూడిద సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. కట్టెల బూడిద జల్లించి, నీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళు తీసుకుంటే క్షారం వస్తుంది, చౌడు నీళ్ళకి తమ్ముడిలాంటిది. మొక్కల నుంచి నిజంగా వచ్చే క్షారం ఇదొక్కటే. అస్సాంలో అరటి తొక్కలు, బోదెలు కాల్చిన బూడిదతో తీసే ఖార్ వంటల్లో కూడా వాడతారు. కానీ గ్యాస్ పొయ్యి ఉన్న అపార్ట్‌మెంట్‌లో మీకు కట్టెల బూడిద ఎక్కడ దొరుకుతుంది? వదిలేయండి.

శీకాయ బట్టలకి వద్దు. నురగ తక్కువ, పొడి బట్ట నేతలో ఇరుక్కుంటుంది, రంగు కుంకుడుకంటే ఎక్కువ దిగుతుంది. దాన్ని తలకే ఉంచుకోండి.

పసుపు మరక గురించి ఒక్క మాట, ఎందుకంటే పిల్లలున్న ఇంట్లో అది తప్పదు. పసుపు మరక మీద సబ్బు రుద్దకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. సబ్బు పెట్టగానే మరక ఎర్రగా మారి "అయ్యో, ఇంకా పెరిగింది" అని కంగారు పడతారు. చల్లనీళ్ళలో జాడించి, కుంకుడు రసంతో రుద్ది, తడిగానే మంచి ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకి తట్టుకోలేదు. రెండు మూడు ఎండలకి చాలావరకు పోతుంది. రక్తపు మరకకి చల్లనీళ్ళే, వేణ్ణీళ్ళు పోస్తే ఉడికి అతుక్కుంటుంది. ఇనుప తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టడం, కాకపోతే తెల్ల నూలు మీద మాత్రమే.

తెలుపు సంగతి

కొత్త తెల్ల చొక్కా కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉంటుంది చూడండి, అది బట్ట తెలుపు కాదు. బజారు పొడుల్లో, మిల్లు బట్టల్లో ఒక రకం మెరుపు మందు ఉంటుంది. ఎండలో మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్ని పట్టుకుని నీలి వెలుగుగా తిరిగి వదులుతుంది. పసుపుదనం మీద నీలం పడితే కంటికి తెల్లగా తోస్తుంది. డిస్కో లైట్ల కింద తెల్ల చొక్కాలు వెలగడానికి కారణం ఇదే. మన నీలిమందు పని కూడా ఇదే కిటుకు. కుంకుడులో ఆ మందు లేదు. కాబట్టి సర్ఫు మానేసిన నాలుగైదు ఉతుకుల తర్వాత తెల్ల బట్టలు కొంచెం "దిగినట్టు" కనిపిస్తాయి. అందులో మురికి ఉండకపోవచ్చు, పూత పోయి ఉండొచ్చు.

స్కూలు యూనిఫాం తెల్లగానే ఉండాలంటారు కాబట్టి వాటికి నేను చెప్పేది సోడియం పర్‌కార్బొనేట్. ఆక్సిజన్ బ్లీచ్ అని అమ్ముతారు. వేణ్ణీళ్ళలో వేస్తే హైడ్రోజన్ పెరాక్సైడూ సోడా అవుతుంది, పెరాక్సైడు చివరికి నీళ్ళూ ఆక్సిజనూ అయిపోతుంది. బకెట్టుకి రెండు చెంచాలు, గంటసేపు నానబెట్టడం, తర్వాత మామూలుగా ఉతికి ఎండలో వేయడం. ఇది కూడా మొక్క సరుకు కాదు. మెరుపు మందూ పరిమళమూ లేని దారి అని చెప్తున్నాను.

పాప దురద గురించి

నేను డాక్టర్ని కాదు, రాసిచ్చిన మందులు ఆపకండి. నా కొట్టుకి ఇలాంటి ఇళ్ళ నుంచి బట్టలు వస్తుంటాయి కాబట్టి గమనించింది చెప్తాను. చాలా ఇళ్ళలో అసలు గొడవ పొడి రకంలో ఉండదు, మోతాదులోనూ జాడింపులోనూ ఉంటుంది. డబ్బా మీద రాసినదానికి రెండింతలు వేస్తారు, మెషీను నీళ్ళ పొదుపు మోడ్‌లో జాడిస్తుంది, మిగిలిన సబ్బు బట్టలోనే ఎండిపోతుంది. పైన సువాసన కోసం కండిషనర్ ఒకటి. చర్మానికి పడనివాటిలో ఈ పరిమళాలు ముందు వరసలో ఉంటాయి.

అందుకని వరసగా చేయండి. మొదటి మూడు వారాలు కండిషనర్ ఆపండి, పొడి సగానికి తగ్గించండి, పాప బట్టలకి ఇంకోసారి జాడింపు పెట్టండి. తగ్గితే సరే. తగ్గకపోతే అప్పుడు పాప బట్టలు కుంకుడు రసానికి మార్చండి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. నీళ్ళు గట్టివి కాబట్టి బట్టలు బిరుసుగా వస్తున్నాయనిపిస్తే, ఆఖరి జాడింపులో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి పోయండి, కండిషనర్ లోటు కొంత తీరుతుంది.

కుంకుడు కూడా అందరికీ పడుతుందని లేదు. కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు తలంట్లలో ఏడ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. పొడి కొట్టేటప్పుడు తుమ్ములు తప్పవు. రోజంతా ఆ రసంలో చేతులు పెట్టే నా వేళ్ళు పొడిబారి ఉంటాయి. ముందు ఒక్క బనీను ఉతికి, బాగా జాడించి, పాపకి రెండు రోజులు తొడిగి చూడండి.

మొక్కది కదా, ఏమీ చేయదు అనుకునేవాళ్ళకి నేను నల్లజీడి గింజ కథ చెప్తాను. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి మా తాతలు దాని రసంతో గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఆ రసం ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలే. మా తాత మణికట్టు మీద మచ్చ చివరిదాకా ఉండేది. అది నూటికి నూరుపాళ్ళు చెట్టు నుంచి వచ్చిన సరుకే.

సీసాల్లో దొరికే "నేచురల్" లిక్విడ్లు

వెనక రాసింది చదవండి. కొబ్బరి నూనె నుంచి, పంచదార నుంచి చేసే గ్లూకోసైడ్ రకాలు ఉంటాయి, అవి చర్మానికి సాధారణంగా మెత్తన. కానీ నురగ కోసం షాంపూల్లో వాడే ఎస్.ఎల్.ఎస్. కూడా కొబ్బరి, పామాయిల్ నుంచే చేయొచ్చు. "మొక్కల నుంచి తీసినది" అన్నంత మాత్రాన మెత్తనిది అయిపోదు. కుంకుడు లిక్విడ్ అని చెప్పి చిలికితే సబ్బులా గట్టి నురగ నిలబడి, పూల వాసన గుప్పుమంటే, అందులో కుంకుడు బొమ్మకే ఎక్కువ చోటిచ్చారని నా అనుమానం. అసలు కుంకుడు రసానికి పూల వాసన రాదు, పుల్లటి ఎండుపండు వాసన వస్తుంది. బట్ట ఆరాక అదీ ఉండదు.

బయో ఎంజైమ్ అని బెల్లం ఒక పాలు, నిమ్మ నారింజ తొక్కలు మూడు పాళ్ళు, నీళ్ళు పది పాళ్ళు కలిపి మూడు నెలలు పులియబెడతారు. నేను రెండు డబ్బాలు చేసి చూశాను. గచ్చుకి, బాత్రూం టైల్స్‌కి బాగుంది. బట్టల మురికికి నాకు పెద్ద తేడా కనిపించలేదు, పైగా లేత బట్టలకి రంగు పట్టింది. తినే సోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కా అయితే ఉత్త తమాషా. పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పు నీళ్ళలాంటిదే.

ఆ నీళ్ళు ఎక్కడ పోయాలి?

బెంగళూరు బెళ్ళందూరు చెరువు మీద నురగ రోడ్డెక్కిన ఫోటోలు అందరం చూశాం. మురుగుతో పాటు మన ఇళ్ళ సబ్బు నీళ్ళదీ అందులో పాలుంది. ఫాస్ఫేట్లు ఉన్న పొడులైతే చెరువుల్లో నాచు విపరీతంగా పెరగడానికి ఎరువులా పనిచేస్తాయి. కుంకుడు నీళ్ళు మట్టిలో త్వరగా కలిసిపోతాయి. బాల్కనీ మొక్కలకి జాడించిన నీళ్ళు పోసుకోవచ్చు, చిక్కటి రసం కాదు.

చేపలున్న నీళ్ళలో మాత్రం చుక్క కూడా పడకూడదు. సపోనిన్లు చేపల మొప్పల్ని దెబ్బతీస్తాయి. ఇలాంటి కాయలు దంచి వాగులో కలిపి చేపలు పట్టడం అడవి ప్రాంతాల్లో పాత పద్ధతి. ఇది నాకు తెలిసీ, ఒకసారి దోమల కోసం గంబూసియా చేపలు వదిలిన మా పెరటి తొట్టి పక్కనే రసం బకెట్టు కడిగాను. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

కొనేటప్పుడు

పెచ్చు ఎర్రటి గోధుమ రంగులో, కొంచెం జిగటగా, ముడతలు పడి ఉండాలి. నల్లగా బూజు పట్టినవి, లోపల పురుగు తిన్నవి వద్దు. కొత్త సరుకు వేసవి మొదట్లో వస్తుంది, అప్పుడు ఏడాదికి సరిపడా కొని ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే సరి. మా ఇంటికి, నలుగురికి, నెలకి ముప్పావు కిలో అవుతుంది. విశాఖ కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, ఏజెన్సీ గిరిజనుల దగ్గర అటవీ సరుకు కొని అమ్ముతుంది. వాళ్ళ డిపోలో దొరికితే అక్కడే తీసుకోండి. పొడి కొనొద్దు, అందులో గింజ ఎంత, దుమ్ము ఎంత అన్నది మనకి తెలియదు. కాయలే కొని మీరే కొట్టుకోండి. నల్లటి గింజలు పాపకి ఆడుకోవడానికి ఇవ్వచ్చు, నోట్లో పెట్టుకోకుండా చూసుకుంటే చాలు.

ఇక ధర్మవరం చీర

ఉతకొచ్చు, కానీ మూడు చూసుకున్నాకే. చీర ఇదివరకు ఎప్పుడైనా నీళ్ళు చూసిందా అని మీ అత్తగారిని అడగండి. మడతల దగ్గర పట్టు చిట్లిందేమో వెలుగుకి పట్టి చూడండి, చిట్లితే ఇంట్లో ముట్టుకోకండి. మూడోది రంగు పరీక్ష. లోపలి కొస, కుచ్చిళ్ళలో దాగే వైపు, అంచూ ఒడలూ కలిసే చోట రెండంగుళాలు పలచటి కుంకుడు నీళ్ళతో తడిపి, తెల్ల గుడ్డ అద్ది ఐదు నిమిషాలు నొక్కి పెట్టండి. అంచు ముదురు, ఒడలు లేత అయితే ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఒక్కసారి ఎరుపు లేతలోకి పాకిందంటే మా దగ్గరా మందు లేదు.

పరీక్ష నెగ్గితే, పెద్ద టబ్బు చల్లనీళ్ళలో రెండు గ్లాసుల వడకట్టిన రసం కలిపి చీర మొత్తం ఒకేసారి ముంచండి. ఐదు నిమిషాలు, పైకీ కిందకీ ఆడించడం తప్ప రుద్దడం, పిండడం వద్దు. జరీ అంచుని గోరుతో కూడా గీకొద్దు. మూడు టబ్బుల చల్లనీళ్ళలో నురగ పోయేదాకా జాడించి, తెల్ల టవల్లో చుట్టి నీళ్ళు అద్దించి, ఎండ తగలని చోట కర్ర మీద ఆరేయండి. ఇనుప తీగ మీద వద్దు, తుప్పు గీత పడుతుంది. కొంచెం చెమ్మ ఉండగానే, పైన పాత పంచె పరిచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి.

గుడ్డకి రంగు అంటితే మాత్రం అక్కడితో ఆపేసి, పట్టు పని బాగా తెలిసిన డ్రైక్లీనింగ్ కొట్టుకి ఇవ్వండి. ఏ మూల తడిపి చూశారో, ఎంత రంగు దిగిందో వాళ్ళకి చెప్పడం మర్చిపోకండి.